మూడో పిలుపు

ఆ ఉదయం ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడడం లేదు.

కోడలు కాఫీ తెచ్చి భర్త ముందు పెట్టలేదు. అత్తగారి ముందు పెట్టి, "చల్లారిపోతుందని చెప్పండి అత్తయ్యా" అంది.

అత్తగారు మూరెడు దూరంలో కూర్చున్న కొడుకు వైపు తిరిగింది. "చల్లారిపోతుందటరా."

"వినపడిందని చెప్పమ్మా."

"వినపడిందటే."

"వినపడితే సంతకం కూడా పెట్టమనండి."

ముసలావిడ రెండు చేతులూ ఎత్తేసింది. "నేను పోస్టాఫీసుని కాదర్రా! నిన్న సాయంత్రం నుంచి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసి నా దవడలు పడిపోతున్నాయి. మీ ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క బల్ల. ఎవరి నోరు వాళ్ళు వాడుకోండి."

ఆ బల్ల మీదే ఉంది బీమా ఫారం. పక్కన మూత తీసిన పెన్ను. రాత్రంతా మూత లేకుండా పడి ఉన్నందుకు ఆ పెన్ను ఈపాటికి ఎండిపోయి ఉంటుందని కోడలికి తోచింది గానీ, మూత పెడితే తను వెనక్కి తగ్గినట్టవుతుందని దాన్ని అలాగే వదిలేసింది.

నిన్న బీమా ఆఫీసులో కౌంటరు వెనకున్న అమ్మాయి కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించినప్పటి నుంచీ ఆమెకి కళ్ళు మూసినా తెరిచినా అవే అక్షరాలు. సోమవారం భర్తకి గుండె ఆపరేషన్. వాల్వు మార్చాలి. అంతా బాగానే జరుగుతుందన్నాడు డాక్టరు, కానీ అంటూనే ఓ కాగితం మీద సంతకం తీసుకున్నాడు. అందుకే, ఎందుకైనా మంచిదని, పాలసీలో నామినీ ఎవరో ఓసారి చూసుకుందామని వెళ్ళింది. ఇంట్లో ఉన్న ఆస్తల్లా ఆమె కుట్టుమిషనూ, ఆ పాలసీనూ.

నామినీ అని ఉన్నచోట ఆమె పేరు లేదు. అత్తగారి పేరూ లేదు. నిచ్చెన పేరు ఉంది. సంబంధం అన్నచోట 'తమ్ముడు' అని ఉంది.

భర్తకి తమ్ముడే లేడు.

నిచ్చెన అంటే భర్తతో కలిసి కుర్రతనం నుంచీ లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఆ పొడుగు చూసి లిఫ్టు కంపెనీ డిపోలో అందరూ పెట్టిన పేరది. పక్కన భర్తని నిలబెడితే ఆయన 'పొట్టోడు' కాక తప్పలేదు. ఒకప్పుడు ఆదివారం వస్తే నిచ్చెన ఈ ఇంట్లోనే తినేవాడు. ఆ తర్వాత ఒకరోజు బాసు దగ్గర ఏవో చాడీలు చెప్పి భర్తని లిఫ్టు పని నుంచి తప్పించి స్టోర్‌రూములో కూర్చోబెట్టించాడు. అప్పటి నుంచి అయిదేళ్ళుగా మాటల్లేవు. ఆమెకి తెలిసిన కథ అంతే.

"మన పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు" అంది, ఈసారి నేరుగా భర్తతోనే. "ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, నా పేరు రాయించాలని తోచలేదా మీకు?"

అతను కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "అది పెళ్ళికి ముందు తీసుకున్నది."

"తీసుకున్నది ముందే. మార్చడానికి తర్వాత చాలా కాలం ఉందిగా."

"ఏజెంటు డిపోకి వచ్చాడు. నేనూ వాడూ పక్కపక్కనే కూర్చుని రాశాం. నా దాంట్లో వాడి పేరు, వాడి దాంట్లో నా పేరు. లిఫ్టు గోతి లోపల నేనుంటే పైన స్విచ్చు వాడి చేతిలో ఉండేది. వాడు లోపలుంటే నా చేతిలో. ఇంకెవరి పేరు రాస్తాం? స్నేహితుల పేర్లు కుదరవు, చుట్టాలే కావాలన్నాడు ఏజెంటు. సరే, తమ్ముడని రాశాను."

"మరి అతనేమని రాశాడు?"

"వాడూ తమ్ముడనే రాశాడు, వెధవ. నాకంటే పెద్దవాణ్ణని వాడి గొప్ప."

అత్తగారికి నవ్వొచ్చింది. కోడలి మొహం చూసి దాన్ని కొంగులో దాచుకుంది.

"సరే, అయిపోయింది. ఇప్పుడు మార్చండి. రేపు మధ్యాహ్నం దాకానే ఆఫీసు ఉంటుంది. పెట్టండి సంతకం."

"పెడతాను. వాడికి చెప్పాక."

"ఆయనకెందుకు చెప్పడం? ఆయన ఒప్పుకోనక్కర్లేదని ఆఫీసులో చెప్పారు."

"ఆఫీసుకి అక్కర్లేదు. మాకు కావాలి. ఒకరి కళ్ళముందు ఒకరు రాసుకున్నది అలాగే కొట్టెయ్యాలని అప్పుడే అనుకున్నాం. వెనకాల చెయ్యను."

"అయితే పిలిచి చెప్పండి."

"వాడితో నేను మాట్లాడను."

వాడికి చెప్పందే సంతకం పెట్టడు. వాడితో మాట్లాడడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషుల్ని చూసింది గానీ, అసలు కుందేల్నే పట్టుకోకుండా కాళ్ళు లెక్కపెట్టే మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"మీకు నాకంటే ఆయనే ఎక్కువ" అంది. అనకూడదనుకుంటూనే అంది.

భర్త లేచి, రెండడుగులకి ఓసారి ఆగుతూ కుట్టుమిషన్ దగ్గరికి నడిచాడు. గూట్లోంచి నూనె డబ్బా తీశాడు. కర్టెన్లు కుట్టే పెళ్ళాం మిషన్‌కి రోజూ పొద్దున్నే నూనె వెయ్యడం అతని పని. ఎంత తగువు పడ్డ రోజైనా అది మానలేదు. సూది పక్కన ఒక చుక్క, చక్రం దగ్గర ఒక చుక్క వేసి, గుడ్డతో తుడిచి, చక్రం తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"వచ్చేవారం బెల్టు మార్చాలి దీనికి" అన్నాడు. కాసేపాగి, "ఎవరినైనా పిలిపించుకో" అన్నాడు.

ఎప్పుడూ 'మారుస్తాలే' అనే మనిషి. ఆ 'ఎవరినైనా' అన్న మాటకి ఆమె కోపమంతా కాళ్ళ కిందికి జారిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళ చప్పుడు వినపడేలా కుళాయి తిప్పి, ఏడ్చింది.

వెనకే అత్తగారు వచ్చి కుళాయి కట్టేసింది. "నీళ్ళు దండగ. ఏడవాలంటే ఊరికే ఏడువు. ఏడవడం అయ్యాక చెప్పులు వేసుకుని వెళ్ళు."

"ఎక్కడికి?"

"నిచ్చెన దగ్గరికి. మావాడు తను మాట్లాడనన్నాడు గానీ నిన్ను మాట్లాడొద్దనలేదుగా. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. వీణ్ణి కన్నదాన్ని, నాకు తెలుసు. మొండివాడితో వాదించకూడదే, చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి రావాలి."

* * *

నిచ్చెన పనిచేస్తున్న ఆఫీసు భవనంలో లిఫ్టు ముందు గొలుసు కట్టి, మరమ్మతు జరుగుతోందని బోర్డు తగిలించారు. మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి ఆమెకే ఆయాసం వచ్చింది. అక్కడ లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల మనుషులెక్కే పెట్టె గడప కంటే కిందికి ఆగి ఉంది. చీకటి గొయ్యి, అందులో వేలాడే ఇనుప తాళ్ళు. మోకాలి ఎత్తున కింద, పెట్టె కప్పు మీద, టార్చి వెలుగులో ఒక పొడుగాటి వీపు కనిపించింది.

పైనెక్కడి నుంచో గొంతు వచ్చింది. "ఉన్నావా?"

"ఉన్నాను!" అంది ఆ వీపు.

చాడీలు చెప్పిన మనిషి గొంతు మర్చిపోయి ఉంటాననుకుంది. మర్చిపోలేదు. ఆదివారాల్లో గుమ్మం దగ్గర వినపడే గొంతే.

"అన్నయ్యగారూ" అంది.

టార్చి ఇటు తిరిగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత అతను జాగ్రత్తగా, ఒక కాలు తర్వాత ఒక కాలు, గడప మీదికి ఎక్కి బయటికొచ్చాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. పైనుంచి మళ్ళీ "ఉన్నావా?" అని వినపడింది. "బయటున్నాను! కరెంటు వెయ్యకు, పని కాలేదు" అని అరిచి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"వాడికేమైంది?"

ఎలా ఉన్నావని అడగలేదు. ఎందుకొచ్చావని అడగలేదు. అయిదేళ్ళ తర్వాత మొదటి మాట అది.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆమె అంతా చెప్పింది. సోమవారం సంగతి, పాలసీ సంగతి, సంతకం పెట్టకుండా మంకుపట్టు పట్టిన సంగతి. అతను మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. వాల్వు అన్న మాట దగ్గర మాత్రం తల దించుకున్నాడు.

"ఎప్పటినుంచి ఉందన్నాడు డాక్టరు?"

"చాలా ఏళ్ళనుంచి ఉండుండాలన్నారు. మాకేం తెలీలేదు."

"నాకు తెలుసు" అన్నాడు నిచ్చెన.

ఆమె తలెత్తింది.

"మా పనిలో మూడు పిలుపులుంటాయి చెల్లెమ్మా. లోపలికి దిగేముందు ఒకటి. పని మధ్యలో ఒకటి. బయటికొచ్చాక ఒకటి. మూడోదానికి జవాబొస్తేనే పైనున్నవాడు కరెంటు వేస్తాడు. ఆ రోజు వాడు లోపల, నేను పైన. మూడోసారి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పలకలేదు. స్విచ్చు వదిలేసి మెట్లన్నీ దూకుకుంటూ దిగాను. వాడు పెట్టె మీద తాడు పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. మాట లేదు. కాసేపటికి తేరుకుని, ఎవరికీ చెప్పకురా అన్నాడు. నా చేతులు పట్టుకుని మరీ అడిగాడు. చెప్పనని మాటిచ్చాను."

"చెప్పారు."

"మర్నాడే బాసుకి చెప్పాను. మళ్ళీ వాణ్ణి ఆ గోతిలోకి దింపి పైన నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. మాట తప్పానని వాడికి కోపం. అది న్యాయమైన కోపమే. డాక్టరుకి చూపించుకుంటాడనుకున్నాను, అది చెయ్యలేదు. నేను మీ ఇంటికొస్తే..." అతను ఆగిపోయాడు.

ఆ తర్వాతది ఆమెకి తెలుసు. ఆ వారమే నిచ్చెన ఇంటికి వచ్చాడు. భర్త లోపల మంచం మీద ఉండగానే, ఆయన లేరండీ అని ఆమే తలుపు వేసింది. తలుపు సందులోంచి చూస్తే చాలాసేపు వీధిలోనే నిలబడ్డాడు. ఆ రోజు తనకి కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు సిగ్గుతో మొహం కాలిపోయింది.

"నన్ను క్షమించండి అన్నయ్యగారూ."

"ఆ రోజు నువ్వు నీ మొగుడి పక్కన నిలబడ్డావు. అందులో తప్పేముంది?" అతను లేచి నిలబడ్డాడు. మెట్ల కప్పు తగలకుండా అలవాటుగా తల వంచాడు. "పేరు కొట్టెయ్యాల్సిందే. అది నీ పేరుండాల్సిన చోటు. సాయంత్రం వస్తాను. కానీ వాడు తలుపు తియ్యడు."

"తలుపు నేను తీస్తాను" అంది.

మెట్లు దిగుతూ, అడగనా వద్దా అనుకుంటూనే అడిగింది. "మీ పాలసీలో మీరు మార్చుకున్నారా?"

"లేదు."

"ఎందుకని?"

నిచ్చెన నవ్వాడు. "ఎవరి పేరు రాయను చెల్లెమ్మా? పెళ్ళి చేసుకుందామంటే నా ఎత్తుకి సరిపోయే గుమ్మం ఎవరింట్లోనూ దొరకలేదు."

* * *

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. అత్తగారు గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"తల చూసుకోరా, నువ్వు రాని అయిదేళ్ళలో గుమ్మమేం పెరగలేదు" అంది. అతను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, అంత పొడుగు మనిషి వంగేసరికి ఆలస్యమవుతుందని కాబోలు, ఆవిడే అతని జుట్టు పట్టుకుని తల దగ్గరికి లాక్కుంది. "చిక్కిపోయావు. ఎవరు పెడుతున్నార్రా నీకు తిండి?"

గొంతు వినగానే భర్త గదిలోకి పోయి లోపల గడియ పెట్టేసుకున్నాడు.

ఆమె తలుపు కొట్టింది. "ఏవండీ, ఒక్కసారి బయటికి రండి. పేచీ తర్వాత పెట్టుకుందురుగాని." ఉలుకూ పలుకూ లేదు. అత్తగారు వచ్చి, "ఒరేయ్, కన్నతల్లిని చెబుతున్నాను, తలుపు తియ్యి" అంది. దానికీ లేదు.

నిచ్చెన ఇద్దర్నీ పక్కకి జరగమన్నట్టు చెయ్యి చూపించాడు. తలుపుకి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"ఉన్నావా?"

లోపల మంచం కిర్రుమంది. అంతే.

చిన్నపిల్లల ఆటలా ఉందని ఆమెకి ఒక క్షణం అనిపించింది. మరుక్షణం, ఈ జవాబు రాకపోతే ఇక సోమవారం ఏమవుతుందోనని భయం వేసింది. నిచ్చెన కదలలేదు. అతనికి ఇలా నిలబడి వినడం అలవాటే. స్విచ్చు పక్కన నిలబడి కింద చీకట్లోంచి వచ్చే మాట కోసం చెవులప్పగించి బతికిన మనిషి.

"ఉన్నాను" అంది లోపలి గొంతు.

అత్తగారు గోడకి ఆనుకుంది.

"ఉన్నావా?" అన్నాడు నిచ్చెన రెండోసారి.

"ఉన్నానురా. చెవుడు వచ్చిందా?"

గడియ తీసిన చప్పుడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. భర్త తలెత్తి చూశాడు, నిచ్చెన తల దించి చూశాడు. కౌగలించుకుంటారేమోనని ఆమె అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు. "జుట్టు నెరిసింది నీకు" అన్నాడు భర్త. "నీకసలు లేనేలేదు" అన్నాడు నిచ్చెన. అయిదేళ్ళ కోపానికి అదే పరిష్కారం అన్నట్టు ఇద్దరూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు.

పెన్ను నిజంగానే ఎండిపోయింది. ఆమె ఇంకోటి తెచ్చింది.

"నీ పేరు కొట్టేస్తున్నాను" అన్నాడు భర్త.

"కొట్టెయ్యి."

భర్త నెమ్మదిగా రాశాడు. ఆమె పేరు మొత్తం, పుట్టింటివాళ్ళు పెట్టింది పెట్టినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాడు. పెళ్ళయ్యాక ఆ పేరు అతని చేతిరాతలో ఆమె చూడడం అదే మొదటిసారి. సంబంధం అన్నచోట 'భార్య' అని రాసి, కింద సంతకం పెట్టి, "సాక్షి ఎవరు?" అన్నాడు.

నిచ్చెన చెయ్యి చాపి పెన్ను తీసుకున్నాడు. తన పేరు కొట్టేసిన కాగితం మీద సాక్షిగా తనే సంతకం చేశాడు.

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. నిన్నటినుంచి ఇంటిని రెండు ముక్కలు చేసి మరీ అడిగింది దీన్నే. తీరా దొరికాక చూస్తే, జీవితంలో ఎన్నడూ అక్కరకు రాకూడదని కోరుకోవలసిన కాగితం. మడత ఎక్కడ పెట్టాలో తోచక దాన్ని అటూ ఇటూ తిప్పింది. భర్త చూసి, కాగితం తీసుకుని తనే మడిచి ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా అలాగే పట్టుకున్నాడు.

"నిన్నే రాయాలనుకున్నాను, చాలాసార్లు" అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేలా. "నీ పేరు అందులో పడితే, నువ్వు ఒక్కదానివే ఉండే రోజు ఒకటుందని ఒప్పుకున్నట్టు అనిపించేది. అందుకే వాయిదా వేశాను. అంతే తప్ప..."

"తెలుసు" అంది. ఆ క్షణం ముందు వరకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది.

భర్త నిచ్చెన వైపు తిరిగాడు. "ఇప్పుడు నీది. నా పేరు కొట్టెయ్యి."

"కొట్టెయ్యను."

"కొట్టెయ్యరా. సోమవారం తర్వాత అది చెల్లుతుందో చెల్లదో. వీళ్ళలో ఎవరి పేరైనా రాసుకో."

"నా పాలసీ, నా ఇష్టం." నిచ్చెన గొంతు మొదటిసారి లేచింది. "నీ దాంట్లో నా పేరు తీస్తానంటే తియ్యమన్నాను. నోరెత్తానా? నా దాంట్లో నీ పేరు నాచేత కొట్టించకు. అది కొట్టేస్తే నువ్వు తిరిగి రావని నేను రాసిచ్చినట్టు. నాచేత ఆ పని చేయించకురా పొట్టోడా."

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళి నాలుగు కంచాలు పెట్టడం మొదలుపెట్టింది.

భర్త మెల్లగా నవ్వాడు. "తలుపు దగ్గర రెండుసార్లే పిలిచావు. మూడోది మర్చిపోయావా? స్టోర్‌రూములో నేను కూర్చుంటే, నీకు పని మర్చిపోయే జబ్బు వచ్చిందా?"

"మర్చిపోలేదు" అన్నాడు నిచ్చెన. "మూడోది బయటికొచ్చాక పిలుస్తాం. నీకు నేను చెప్పాలా?"

భర్త నవ్వు ఆగిపోయింది.

"సోమవారం ఆపరేషన్ గది తలుపు బయట నేనుంటాను. చెల్లెమ్మ పక్కనే నిలబడతాను. నిన్ను బయటికి తెచ్చాక పిలుస్తాను." అతను కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే అందరికీ తెలిసిపోతుందనుకున్నాడేమో. "ఈసారి ఎంత ఆలస్యంగా పలికినా ఎవరికీ చెప్పనురా. పలుకు, చాలు."

ఆమె చేతిని పట్టుకున్న భర్త చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. అతను నోరు తెరిచాడు. కంచాలు పెడుతున్న చప్పుడు కూడా వంటింట్లో ఆగిపోయింది. "మూడోది మర్చిపోకురా, పలుకుతాను" అన్నాడు.